లోపలి కంప్యూటర్‌కు రెండు దర్వాజాలు

బావ దినాల నాడు ఆయనతో పనిచేసినవాళ్లు చాలామంది వచ్చారు. భోజనాలకు ముందు ఒక్కొక్కరు నిలబడి రెండు మాటలు చెప్పారు. దీపం అన్నారు, చెట్టు అన్నారు. ఒకాయన సముద్రం అన్నాడు. బావ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. వాళ్లది మంచి మనసే. కానీ ఇంటికి వచ్చిన తరువాత లెక్క చూసుకుంటే, ఆయన చేసిన పని ఒక్కటీ ఎవరి నోటా రాలేదు. నేను చెప్పగలను. అందుకే రాస్తున్నాను.

బావ అంటే నా భర్త. మేనత్త కొడుకు. మా రెండు ఇండ్లూ దేవరకొండ పక్క గొర్ల మందల ఇండ్లు. ఆ ఇండ్లలో చదువుకున్న మొదటివాళ్లం మేమే. నాకు సర్కారు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చి అమ్రాబాద్‌లో వేశారు. బావకు జడ్చర్ల బయట మందుబిళ్లల కంపెనీలో కంప్యూటర్ పని దొరికింది. పెండ్లయిన తరువాత కూడా నేను అక్కడ, ఆయన ఇక్కడ. వారానికి ఒకసారి, అంగడి రోజున, అంటే ఊళ్లో సంత జరిగే రోజున, బస్సు దిగేవాడు. మా బడిలో లెక్కల టీచరమ్మ ఆయనకు పేరు కూడా పెట్టింది.

"ఇయ్యాల అంగడి గదనే. నీ అంగడి మొగుడు రాలేదా ఇంక?"

నేను నవ్వేదాన్ని. కానీ మా పాపకు ఊహ తెలిసిన తరువాత ఒకసారి సెలవు దొరికి బావ వారం మధ్యలో వచ్చాడు. పాప వాకిట్లో నిలబడి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఇయ్యాల అంగడి కాదు గద, ఎందుకొచ్చినవ్ నాయినా?" అంది. ఆ రోజు ఇద్దరం నవ్వలేకపోయాం.

ఎన్ని అర్జీలు పెట్టిన తరువాతో, తొంభైల చివర, జడ్చర్ల పక్క ఊరి బడికి నాకు బదిలీ వచ్చింది. మేము ముగ్గురం ఒక ఇంట్లో ఉండడం అప్పుడే మొదలు.

జడ్చర్లలో కిరాయికి ఇల్లు వెతికేవాళ్లు మొదట అడిగేది నీళ్ల సంగతి కాదు. దర్వాజ సపరేటా అని అడుగుతారు. ఇంటివాళ్ల దాలాన్‌లోంచి, అంటే వాళ్ల వసారాలోంచి, పోయి రావాలంటే ఎవరికైనా చిన్నతనమే. ఎప్పుడు వచ్చారు, ఏం తెచ్చారు, ఎవరు వచ్చి పోయారు, అన్నీ వాళ్ల కండ్ల ముందే జరగాలి. సపరేట్ దర్వాజ ఉంటే రెండు గదులైనా అది మన ఇల్లు.

మాకు దొరికిన రెండు గదులు ఒక ముసలమ్మ ఇంటి వెనక భాగం. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు మేము ఖాలా అనేవాళ్లం. భర్త లేడు. కొడుకు లారీల బ్రోకరు. హైవే మీదే ఉండేవాడు. కోడలు పర్దా పాటించే మనిషి. అందువల్ల మగ కిరాయిదారు దాలాన్‌లోంచి తిరిగితే కుదరదని ఖాలాయే ముందు చెప్పింది. మా కోసం గల్లీ వైపు గోడ పగలగొట్టించి కొత్త దర్వాజ పెట్టించింది. లోపలి వైపు, వాళ్ల దాలాన్‌లోకి తెరుచుకునే పాత దర్వాజ ఒకటి ఉండేది. దానికి రెండు పక్కలా గొళ్లేలు. మా పక్క మేం వేసుకున్నాం. వాళ్ల పక్క గొళ్లెం వేసి, ఇనుప బీరువా కూడా అడ్డం పెట్టారు.

కొత్త దర్వాజకు బావ తానే ఆకుపచ్చ రంగు వేశాడు. తాళంచెవి రెండుసార్లు తిప్పి చూశాడు. "ఇగ మనింటికి మనమే రాజులం" అన్నాడు. ఖాలా గల్లీలో నిలబడి చూస్తూ, "రాజువే బేటా. కిరాయి మాత్రం ఒకటో తారీఖు" అంది.

ఫోను మాకు లేదు. ఖాలా ఇంట్లో ఉంది, కొడుకు లారీల కోసం. ఆ రోజుల్లో ఫోను లేనివాళ్లు ఇంటివాళ్ల నంబరు ఇచ్చి పక్కన పి.పి. అని రాసేవాళ్లు. కంపెనీలోనూ బడిలోనూ మేము ఇచ్చింది అదే. మాకు ఫోన్ వస్తే ఖాలా గోడ మీద అరచేత్తో కొట్టేది. మేము మా దర్వాజ తీసుకుని, గల్లీ చుట్టూ తిరిగి, వాళ్ల పెద్ద దర్వాజ దగ్గరకు చేరేవాళ్లం. నేనైతే నేరుగా లోపలికి పోయేదాన్ని. బావ గడప బయట నిలబడి గట్టిగా దగ్గాలి. కోడలు వంటింట్లోకి వెళ్లిన తరువాత ఖాలా "ఆఁ, రా" అనాలి. అప్పటికి అవతలివాళ్లు సగంసార్లు ఫోన్ పెట్టేసేవాళ్లు.

ఇక కంపెనీ సంగతి. ఇది పాఠం లాగే చెబుతాను, కష్టమేమీ కాదు.

కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాదులో. జడ్చర్ల ఫ్యాక్టరీలో ఏ సరుకు ఎంత ఉందో హెడ్డాఫీసు కంప్యూటర్‌లో ఎప్పటికప్పుడు కనిపించాలని పైవాళ్లు అనుకున్నారు. అంతవరకు ఆ లెక్కలు ఫ్లాపీల్లో పెట్టి బస్సులో పంపేవాళ్లు. బావ సెక్షన్ పని అదే. రెండు ఊళ్ల మధ్య సొంత లైను వేయించాలంటే చాలా ఖర్చు. దానికి బదులు బావ ఇంకో దారి చెప్పాడు. మామూలు ఫోను మీద ఇంటర్నెట్‌కు చేరి, అక్కడి నుంచి హెడ్డాఫీసుకు మాత్రమే పోయే మూసిన దారి ఒకటి వేసుకోవడం. దాని పేరు వి.పి.ఎన్. బయట ఎంతమంది తిరుగుతున్నా ఆ దారిలో పోయేది వాళ్లకు కనిపించదు. హెడ్డాఫీసువాళ్లు సరే అని, జడ్చర్లలో ఒకే ఒక కంప్యూటర్‌కు ఆ దారిలోకి రావడానికి అనుమతి ఇచ్చారు. అనుమతి అంటే ఒక నంబరు. ఆ నంబరుతో వచ్చేదానికే హెడ్డాఫీసు జవాబిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఫోను లైను తెగితే తనంతట తాను కలుపుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి, హెడ్డాఫీసు ఇచ్చిన సరుకుల ప్రోగ్రాం నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకొకటి. ఈ రెండూ ఒకే కంప్యూటర్‌లో కలిసి నడవవు. రెండో కంప్యూటర్ అడిగితే ఇవ్వలేదు. బావ హైదరాబాదు కోఠీలో కొన్న ఒక పత్రికతో వచ్చిన సీడీలో దానికి ఉపాయం దొరికింది. కంప్యూటర్ లోపల కంప్యూటర్. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో ఇంకో కంప్యూటర్ మొదటి నుంచి మొదలై నడుస్తుంది. దానికి వేరే పెట్టె లేదు, వేరే తీగ లేదు. కానీ దాని మటుకు అది తానొక పూర్తి కంప్యూటర్‌నే అనుకుంటుంది. బయటి కంప్యూటర్ ఫోను, వి.పి.ఎన్. చూసుకుంటుంది. లోపలి కంప్యూటర్ సరుకుల ప్రోగ్రాం నడుపుతుంది.

ఆ లోపలి దానికి బయటి లోకంతో సంబంధం ఎట్లా అన్నది ముందే నిర్ణయించి పెట్టాలి. సీడీలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, దానికి సొంత నంబరు ఇచ్చి, ఫ్యాక్టరీలోని మిగతా కంప్యూటర్ల వరుసలో సమానంగా నిలబెట్టడం. రెండోది, బయటి కంప్యూటర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా లోపలే ఉంచడం.

బావ ఆ రెండూ నాకు అన్నం తింటూ చెప్పాడు.

"మొదటిది సపరేట్ దర్వాజ. రెండోది జైలు" అన్నాడు.

"జైలు ఎవలకు పనికొస్తది?"

"గదే గద. ఎందుకు పెట్టిండ్రో ఏమో."

సపరేట్ దర్వాజ ఇచ్చాడు. నేనైనా అదే ఇచ్చేదాన్ని.

మరుసటి రోజు నుంచి స్టోర్స్‌లో ఉన్నవాళ్లకు లోపలి కంప్యూటర్ కనిపించింది. ల్యాబ్‌వాళ్లకు కనిపించింది. వాళ్లు తమ కుర్చీల్లో కూర్చునే దానిలో సరుకు ఎక్కించారు. బావ సంతోషంగా ఇంటికొచ్చాడు. అప్పటికి వి.పి.ఎన్. ఇంకా కలపలేదు. అది కలిపిన రోజు ముఖం వేరే తీరుగా ఉంది.

"ఏమైంది బావా, గట్ల గూసున్నవ్?"

"బయటి దానికి హెడ్డాఫీసు పలుకుతాంది. లోపలి దానికి పలుకుత లేదు."

"లైన్ మంచిగ లేదేమో."

"నేనూ గదే అనుకుంటున్న."

అట్లా అనుకుని ఫోను లైను వెంట పడ్డాడు. టెలిఫోన్ వాళ్లను పిలిపించి స్తంభం నుంచి టేబుల్ దాకా తీగ మార్పించాడు. మోడెం మార్చాడు. వానకు తడుస్తుందేమో అని జాయింటు దగ్గర ప్లాస్టిక్ సంచి కట్టాడు. తప్పు లోపలి దర్వాజ దగ్గర ఉండవచ్చన్న అనుమానమే రాలేదు. స్టోర్స్‌వాళ్లతో, ల్యాబ్‌వాళ్లతో అది చక్కగా మాట్లాడుతోంది గదా.

ఫ్యాక్టరీ మేనేజరు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడు కాదు, నోరు ఊరుకోదు.

"ఏవయ్యా, పెట్టెలో పెట్టె పెట్టావు. ఆ పెట్టెలో ఇంకో పెట్టె ఉందా? ఆఖరి పెట్టెలో ఏముంది, కందిపప్పా?" అని నలుగురిలో అన్నాడట. తరువాత బావను గదిలోకి పిలిచి తలుపు వేసి మామూలుగా చెప్పాడు. "చూడు బాబూ, దసరా వెళ్లాక సిటీ నుంచి వస్తారు. ఇక్కణ్ణుంచే అంతా నడుస్తోందని వాళ్లకు కనపడిందా, సెక్షన్ ఇక్కడే ఉంటుంది. లేదంటే కంప్యూటర్లు, మనుషులు అందరూ సిటీకే. కాగితం తయారుగా ఉంది. నా చేతిలో లేదు."

బావ ఆ మాట నాకు చెప్పినప్పుడు నేను పాప జడ వేస్తున్నాను.

"రోజు పోయి రారాదు? షాద్‌నగర్ నుంచి ఎంతమంది పోయొస్తలేరు?"

"ఆడ రాత్రి షిఫ్టు గూడ ఉంటదట. రూం తీస్కోవాలె."

"మల్ల అంగడేనా?"

"మల్ల అంగడే."

పాప తల తిప్పి మా ఇద్దరి ముఖాలూ చూసింది. జడ వంకర పోయింది. విప్పి మళ్లీ వేశాను. ఇంకో బదిలీ నాకు రాదు. అడగడానికి కూడా ఏండ్లు ఆగాలి. నేను ఉద్యోగం మానేస్తే సిటీలో ఒక జీతం మీద బతకవచ్చు. ఆ మాట బావ అనలేదు. నేనూ అనలేదు. అననందుకు ఈ రోజుకూ ఇద్దరినీ మెచ్చుకుంటాను.

దసరా దగ్గర పడుతుండగా మా గల్లీ తవ్వారు. నల్లా పైపు కోసం. ఆకుపచ్చ దర్వాజ ముందే కందకం పడింది. దాని మీద పలక వేసుకుంటే వానకు జారింది. పాప ఒకసారి అందులో పడి బురదతో లేచింది. ఖాలా గోడ అవతల నుంచి ఆ ఏడుపు విని, కొడుకును హైవే మీది నుంచి పిలిపించి, బీరువా జరిపించింది. వాళ్ల పక్క గొళ్లెం తీసింది. "టీచరమ్మా, మీ దిక్కు గొళ్లెం తియ్యి" అని అరిచింది.

లోపలి దర్వాజ తెరుచుకుంది. గొళ్లెం తుప్పు పట్టి ఉంటే బావ కొబ్బరినూనె పోశాడు.

"గల్లీ పూడ్చేదాంక ఇట్ల మా దర్వాజకెల్లే తిరుగుండ్రి. పొల్ల కాలు ఇర్గుతె ఎవలది జిమ్మ?" అంది ఖాలా.

"కోడలికి కష్టమైతది ఖాలా" అన్నాను.

"కష్టమేంది? మీ ఆయన దగ్గుతడు గద. దగ్గితే అది లోపలికి పోతది."

బావ దగ్గడం మొదలుపెట్టాడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, బిందె తెచ్చేటప్పుడు, మరిచిపోయిన కలం కోసం తిరిగి వచ్చేటప్పుడు. దగ్గడం, ఆగడం, "ఆఁ రా" అన్న తరువాత కదలడం. నాలుగు రోజులకు ఖాలాకే విసుగు పుట్టింది.

"ఎంత దగ్గుతవ్ బేటా! గల్లీల అందరు నన్ను అడుగుతుండ్రు, మీ కిరాయిదారును దవాఖానకు తీస్కపోలేదా అని."

వంటింటి పర్దా వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది. "అన్నా, నేనీడనే ఉన్న, పో పో. నువ్వు దగ్గినప్పుడల్ల లేస్తే నా రొట్టె మాడుతాంది."

ఆమె ముఖం బావ ఎన్నడూ చూడలేదు. ఆ గొంతుతో మాత్రం తరువాత చాలా ఏండ్లు మంచి స్నేహం నడిచింది.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. ఖాలా గోడ కొట్టబోయి, దర్వాజ తెరిచే ఉందని గుర్తొచ్చి, "కంపూటర్ సార్, నీకే" అని మామూలు గొంతుతో పిలిచింది. బావ దగ్గి, రెండు అడుగుల్లో ఫోను దగ్గరకు చేరాడు. హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన అవతల. నేను గడపలో నిలబడ్డాను. బావ "సరే సర్, సరే" అని రిసీవర్ పెట్టాడు.

"పండుగ ముందే వస్తరట. మంగళారం."

బావ నా వైపు చూడడం లేదు. ఫోను పెట్టిన స్టూలును చూస్తున్నాడు. తరువాత మా గదిని చూశాడు. మళ్లీ స్టూలును చూశాడు.

"ఖాలా, నేను గీ ఫోన్ కెల్లి ఎవలకన్న చేస్తే వాళ్లకు ఏ నంబర్ తెలుస్తది?"

"నాదే. మీకు నంబరేడిది?"

"మల్ల వాళ్లు తిరిగి చేస్తే?"

"నాకే వస్తది. నీ పేరు చెప్తే నిన్ను పిలుస్త. చెప్పకుంటే రాంగ్ నంబర్ అంట. ఎందుకు బేటా, బిల్లెక్కువొచ్చిందని నేనేమన్న అన్ననా?"

బావ నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఏందే, ఫోను ఇంట్లుంటే మనం ఇన్నొద్దులు గల్లీలకెల్లి తిరిగినం."

"దర్వాజ మూసుండె గద."

"మూసింది మనమే గద" అన్నాడు. చొక్కా వేసుకుని, చాయ్ కూడా తాగకుండా స్కూటరు తీశాడు.

"ఏమాయె గీనకు?" అని ఖాలా అడిగింది. నాకు కొంత అర్థమైంది, కొంత కాలేదు. కంపెనీ పని గుర్తొచ్చిందట అన్నాను.

మధ్యాహ్నం దాటినా రాలేదు. అన్నం గిన్నె కట్టుకుని, పాపను ఖాలా దగ్గర వదిలి, ఆటోలో ఫ్యాక్టరీకి పోయాను. ఆదివారం కాబట్టి గేటు దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. "ఇంటికెల్లి అన్నమొచ్చింది సార్!" అని అతనే లోపలికి కేక వేశాడు.

బావ తెర ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు.

"దానికి గల్లీ దర్వాజ మూసేసిన" అన్నాడు.

"మరి ఎట్ల పోతది?"

"నేను జైలన్న సూడు, గా రెండోది పెట్టిన. లోపలి దానికి బయటి దాని దాంకనే దారి. ఆడికెల్లి బయటి దాని నంబర్ మీద హెడ్డాఫీసుకు పోతది. జవాబు బయటి దానికొస్తది. అది లోపలికందిస్తది."

"ఖాలా లెక్క?"

"ఖాలా లెక్కనే. గోడ కొట్టుడొక్కటి తక్వ."

అట్లా నంబరు మార్చి పంపే పని సీడీలో లేదు. బయటి కంప్యూటర్‌లో తానే కొన్ని వరుసలు రాసి కలిపాడు. రాయడం పూర్తయిన తరువాత ఫోను లైను కలిపాడు. మోడెం కీచుమని అరిచి ఊరుకుంది. మూసిన దారి తెరుచుకుంది. అప్పుడు లోపలి కిటికీలో సరుకుల ప్రోగ్రాం మొదలుపెట్టి, హెడ్డాఫీసు అన్న మాట మీద నొక్కాడు. ఇసుక గడియారం బొమ్మ తిరిగింది. నేను దాన్ని చూడలేక అన్నం గిన్నె విప్పడం మొదలుపెట్టాను.

"పలికింది" అన్నాడు బావ.

తల ఎత్తితే తెర నిండా సరుకుల పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. హైదరాబాదులో ఉన్నవి. బావ ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. కుడి చేత్తో ఇంకోసారి నొక్కాడు. మళ్లీ పలికింది.

పోలికల మీద నాకు నమ్మకం తక్కువ. ఏ పుస్తకంలోనైనా పోలికలు వరసగా రావడం మొదలైతే పేజీ తిప్పేస్తాను. ఈ పోలిక నేను కల్పించింది కాదు, బావ పని చేసుకోవడానికి వాడుకున్నది కాబట్టి ఉంచుతున్నాను. అది అన్నిచోట్లా అతకదని కూడా చెప్పాలి. ఖాలా మేము ఫోనులో మాట్లాడిందంతా విని తరువాత సలహా ఇచ్చేది. బయటి కంప్యూటర్ సలహా ఇవ్వదు. కానీ అసలు సంగతి దగ్గర పోలిక నిలబడుతుంది. అనుమతి ఉన్న నంబరు ఒక్కటే ఉన్నప్పుడు, లోపలివాళ్లు ఆ నంబరు గల ఇంట్లోంచే పోవాలి. సొంత నంబరు మర్యాదే. కానీ హెడ్డాఫీసుకు ఆ నంబరు ఎవరిదో తెలియదు, జవాబు ఇవ్వదు. తీగలన్నీ మార్చినా ఇవ్వదు. సపరేట్ దర్వాజ కోసం ఊరంతా తిరిగిన మనుషులం కాబట్టి మాకు అది కనిపించడానికి అంత ఆలస్యమైంది.

పని అక్కడితో అయిపోలేదు. సోమవారం పొద్దున స్టోర్స్ నుంచి ఒకాయన వచ్చి టేబుల్ మీద చేయి వేసి నిలబడ్డాడట.

"ఏం సార్, శనారం దాంక కనవడ్డది, ఇయ్యాల లోపలి డబ్బ లేనే లేదు. ఇగ నేను సరుకు దేంట్ల ఎక్కియ్యాలె, నీ నెత్తి మీదనా?"

నిజమే. గల్లీ దర్వాజ మూసేస్తే ఇరుగుపొరుగుకు అది కనిపించదు. బావ ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆకుపచ్చ దర్వాజ దగ్గర నిలబడ్డాడు. పైపు వేయడం అయిపోయింది, మనుషులు కందకం పూడుస్తున్నారు. ఖాలా ఇవతలికి వచ్చి అడిగింది.

"ఇగ గల్లీ సాఫయితాంది. బీరువా మల్ల పెట్టియ్యాల్నా?"

"పెట్టకు ఖాలా" అన్నాడు బావ. "రెండు దర్వాజలు ఉండనియ్యి. గల్లీ పనికి గల్లీది, ఫోన్ పనికి లోపలిది."

"నేను గూడ గదే అందామనుకుంటున్న. మీ పొల్ల లేకుంటె నాకు పొద్దువోతలేదు."

రెండు దర్వాజలు అన్న తన మాట దగ్గరే బావ ఆగిపోయాడు. ఖాలాకు దండం పెట్టినంత పని చేసి మళ్లీ స్కూటరు ఎక్కాడు. లోపలి కంప్యూటర్‌కు ఒకటి కాదు, రెండు దారులు పెట్టవచ్చునని ఆయనకు ముందే తెలుసు. సీడీతో వచ్చిన కాగితాల్లో ఉంది. ఎందుకు అవసరమో అప్పటిదాకా తెలియలేదు. చీకటి పడకముందే ఫోన్ వచ్చింది. ఖాలా పిలిస్తే నేను రెండు అడుగుల్లో పోయి ఎత్తాను.

"రెండు పెట్టిన. స్టోర్సోళ్లకు కనవడతాంది, హెడ్డాఫీసుకు పోతాంది. అన్నం పెట్టు, వస్తున్న."

మంగళవారం సిటీ నుంచి ఇద్దరు వచ్చారు. దసరా సెలవులు ఇంకా ఇవ్వలేదు, నేను బడిలో ఉన్నాను. ఏడో తరగతికి అయస్కాంతం పాఠం చెబుతూ రెండుసార్లు ఉత్తరం, దక్షిణం తప్పు చెప్పాను. ఒక అమ్మాయి లేచి నిలబడి దిద్దింది. ఆ రోజు జరిగింది బావ చెప్పినట్టే రాస్తున్నాను.

వాళ్లు స్టోర్స్‌లో ఒక సరుకు లెక్క మార్పించి, హైదరాబాదుకు ఫోన్ చేసి అక్కడ మారిందా అని అడిగారు. మారింది. అక్కడ మార్చితే ఇక్కడ చూశారు. మారింది. నడుమ ఒకసారి వానకు లైను తెగింది. మేనేజరు ముఖం తెల్లబోయింది. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బయటి కంప్యూటర్ తనంతట తాను మళ్లీ ఫోన్ కలుపుకుని, మూసిన దారి తెరుచుకుని, పని సాగించింది. అప్పుడు ఇద్దరిలో పెద్దాయన వంగి టేబుల్ కింద చూశాడట.

"రెండో మిషన్ ఎక్కడ పెట్టారు?"

"లేదు సర్. ఇదొక్కటే."

"మరి ఆ కిటికీలో ఉన్నదేంటి?"

బావ చెప్పేలోగా మేనేజరు అందుకున్నాడు. "పెట్టెలో పెట్టె సార్. మావాడే చేశాడు. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఆ ముక్క చెప్పేటప్పుడు బావ మేనేజరు గొంతును అచ్చు దించేవాడు. ఏండ్ల తరబడి చెప్పించుకున్నాను.

అయితే వాళ్లు అక్కడికక్కడే ఏమీ తేల్చలేదు. చూసి చెబుతామని కారెక్కారు. పండుగ మధ్యలో వచ్చింది. జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. ఖాలా చేతిలో పెడితే, "గిది బంగారమంటరు గద మీరు, బీరువాల దాచుకుంట" అంది. సూట్‌కేసు ఎక్కడుందో నేను చూసుకోలేదు. చూసుకుంటే పని పడుతుందని భయం.

పండుగ అయిన తరువాత ఒక సాయంత్రం ఫోన్ మోగింది. ఖాలా నమాజులో ఉంది. కోడలు పర్దా వెనక నుంచి, "అక్కా, ఫోన్ మోగుతాంది, నువ్వే ఎత్తు" అంది. ఎత్తాను. మేనేజరు.

"అమ్మా, మీ ఆయన ఉన్నాడా? లేకపోతే మీకే చెబుతాను. సెక్షన్ ఇక్కడే ఉంటుంది. సిటీ కాగితం చించేశారు."

"సరేనండి" అన్నాను. రిసీవర్ పెట్టి వెనక్కి తిరిగితే బావ మా గది లోపల, గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాలా నమాజులో ఉందని దగ్గకుండా ఆగాడు. నేను తల ఊపాను. అది చాలింది. నమాజు ముగించిన ఖాలా చాప మడుస్తూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏందట?"

"ఏం లేదు ఖాలా. ఈడనే ఉంటం" అన్నాడు బావ.

"నేను పొమ్మన్ననా?" అంది ఖాలా.

తరువాత కంప్యూటర్లు మారాయి. అప్పుడు బావ చేత్తో కలిపిన మూడో పద్ధతి, బయటి దాని నంబరు మీద పంపేది, ఆ తరువాత వచ్చిన సీడీల్లో ముందే సిద్ధంగా ఉండేది. ఒకచోట నొక్కితే చాలు. ఆయన దాన్ని చూసి, "గింతేనా" అన్నాడు, అంతే. కుర్రవాళ్లకు నేర్పేటప్పుడు మాత్రం, దాన్ని నొక్కే ముందు అనుమతి ఏ నంబరుకు ఉందో కనుక్కోండి అని చెప్పేవాడు. లైను తరువాత చూడండి అనేవాడు. దినాల నాడు వచ్చినవాళ్లలో ఆ కుర్రవాళ్లూ ఉన్నారు. సముద్రం అన్నది వాళ్లలో ఒకడే.

పాప పదో తరగతి అయ్యేదాకా మేము ఖాలా ఇంట్లోనే ఉన్నాం. రెండు దర్వాజాలూ తెరిచే ఉండేవి. బావ ప్రతి సాయంత్రం ఇంటికి వచ్చాడు. గల్లీ దర్వాజ నుంచి వస్తే స్కూటరు చప్పుడు, లోపలి దర్వాజ నుంచి వస్తే దగ్గు. ఏ రోజు అంగడో మేము మరిచిపోయాం.